మౌలాలి మాఫీ అడిగిన రోజు

కొంటా బస్టాండులో జీపు మౌలాలిని ఎరగనివాళ్లు లేరు. పురిటి నొప్పుల మనిషైనా, పాము కరిచినవాడైనా, జ్వరంతో వణికే పిల్లైనా సరే, రోడ్డు మీద చెయ్యెత్తితే బండి ఆపుతాడు. పైసా పుచ్చుకోడు. చోటు లేకపోతే సవారీలను దింపి మరీ రోగిని ఎక్కించుకుంటాడు. దిగినవాళ్లు సణుక్కుంటూనే పుణ్యాత్ముడంటారు. ఎన్నికల ముందు ఒక నాయకుడు వచ్చి శాలువా కప్పిపోయాడు. ఆ ఫొటో ఊళ్లో అందరి ఫోన్లలో తిరిగింది. మౌలాలి కూడా ఫొటో ఉందా అని అడిగి మరీ చూశాడు. ఆ శుక్రవారం జుమ్మా నమాజుకు మసీదులో ముందు వరసలో కూర్చున్నాడు.

ఈ మంచితనం మొత్తం ఒక అబద్ధం మీద లేచింది.

చాలా ఏళ్ల కిందటి మాట. ఎండాకాలం. దోర్నపాల్ ఇవతల రోడ్డు పక్కన మాసా, అతని భార్య పొజ్జే నిలబడి ఉన్నారు. లోపలి ఊరి నుంచి కొడుకును భుజాన వేసుకుని అడవి దారిలో నడిచి వచ్చారు. పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది, మాట పడిపోయింది. జీపు ఖాళీగానే ఉంది. కాని మౌలాలి పెళ్లివాళ్ల కిరాయి ఒప్పుకున్నాడు. ఆలస్యమైతే వాళ్లు ఇంకో బండి చూసుకుంటారు. మాసా జీపు తలుపు పట్టుకుని వదల్లేదు. ఆ చెయ్యి విడిపించుకోవడానికి మౌలాలి ఒట్టు పెట్టాడు.

"ఈడనే కూసోండి. అల్లా తోడు, పెండ్లోళ్లను దింపి ఇట్లనే వస్త."

రాడని ఆ మాట అంటున్నప్పుడే అతనికి తెలుసు.

ఇంకెవరైనా అయితే తరవాత వచ్చిన బండి ఎక్కేవాళ్లు. వచ్చింది కూడా. డ్రైవరు ఆపి రమ్మన్నాడు. మాసా ఎక్కలేదు. సాయిబు దేవుడి మీద ఒట్టేసి వెళ్లాడు, అంత దూరం తిరిగొచ్చి మేం లేకపోతే అతని మాట ఏం కావాలి, అని ఆ బండిని పంపించేశాడు. లోపలి ఊళ్లలో ఇచ్చిన మాటను పుచ్చుకున్నవాడు కూడా కాపాడాలి. మౌలాలి పెళ్లి బిర్యానీ తిని పందిట్లోనే కునుకు తీశాడు. పొద్దు వాలకముందే పిల్లవాడు తల్లి ఒళ్లో పోయాడు.

ఆ సంగతి రెండో డ్రైవరే తరవాత నవ్వుతూ చెప్పాడు. "నీ కోసం కూసున్నరు భాయ్. నన్ను పొమ్మన్నరు, పిచ్చోళ్లు." మౌలాలి కూడా నవ్వబోయాడు. రాలేదు. ఆ వారం నుంచే రోగులకు ఉచితం మొదలైంది.

ఈ మధ్య అతనికి గుండెలో నొప్పి వస్తోంది. భయం పట్టుకుని ఇమాం సాబ్ దగ్గర అంతా కక్కేశాడు. ఆయన మంచివాడే గాని మెత్తగా చెప్పడం రాదు. అల్లాకు చేసిన తప్పయితే మనసారా పశ్చాత్తాపపడి తౌబా చేస్తే ఆయన క్షమిస్తాడు, మనిషికి చేసిన అన్యాయం మాత్రం ఆ మనిషి దగ్గరే మాఫీ చేయించుకోవాలి అన్నాడు. లేకపోతే అందరికీ తీర్పు జరిగే ఖయామత్ నాడు నీ పుణ్యాలన్నీ తీసి వాళ్ల తక్కెడలో వేస్తారు అన్నాడు. జనం మెప్పు కోసం చేసినవైతే అక్కడ వేయడానికి కూడా ఏమీ ఉండవు అని, లేచి నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకి వెళ్లిపోయాడు. మౌలాలికి శాలువా గుర్తొచ్చింది.

అలా మాసా ఊరికి బయల్దేరాడు. మాసా ఎప్పుడో పోయాడని దారిలోనే తెలిసింది. ఇక పొజ్జే ఒక్కతే మిగిలింది. ఆమె వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. మౌలాలి నిలబడే అంతా చెప్పాడు, రానని తెలిసే ఒట్టేశానని కూడా. పొజ్జే పూలు పరుస్తూనే విన్నది. తరవాత ఊరి పెద్ద హుంగాకు కబురంపింది.

హుంగా వచ్చి, తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి తగువు చంపేయవచ్చు అన్నాడు. వాళ్ల పద్ధతి తేలికే. ఇద్దరూ ఒకే ఆకుదొప్పలో ఇప్పసారా తాగాలి. తాగాక ఆ మాట ఇక ఊళ్లో ఎవరూ ఎత్తకూడదు, చచ్చినవాళ్లు కూడా ఎత్తరు. దొప్ప నింపి మౌలాలి చేతిలో పెట్టాడు.

మౌలాలి దొప్పను కాస్త దూరంగా పట్టుకున్నాడు. "పెదనాయినా, ఇది మాకు హరాం. నీళ్లతోని చేద్దాం."

"నీళ్లకు తగువు సావదు," అన్నాడు హుంగా.

పొజ్జే మొదటిసారి తలెత్తింది. "మీ దేవుడు కోప్పడ్తడా?"

"అవునక్కా."

"ఒట్టేసి రాకపోతే కోప్పడలే?"

"పడతడు. అందుకే వచ్చిన."

"అంటే ఆయనకు బయపడి వచ్చినవ్. మా పోరని కోసం కాదు." కసిరినట్టు కూడా లేదు ఆ గొంతు. "వాని పేరేంది?"

మౌలాలికి తెలియదు. ఇన్నేళ్ల నమాజుల్లో ఆ పిల్లవాడిని తలవని రోజు లేదు. పేరు అడగాలని ఒక్కసారీ తోచలేదు. ముఖమూ గుర్తులేదు. గుర్తున్నదల్లా జీపు తలుపు పట్టుకున్న మాసా చెయ్యి, తన భయం. ఎక్కించుకున్న రోగులందరినీ ఆ భయమే ఎక్కించుకుంది.

సిగ్గుతో కళ్లు మూసుకుని దొప్ప పెదవుల దాకా తెచ్చాడు. ఈ పాపం కూడా చేస్తాను, దీనికి అల్లానే మాఫీ అడుక్కుంటాను అనుకున్నాడు. సారా వాసన ముక్కుకు తగిలేలోపు పొజ్జే దొప్ప లాగేసుకుంది.

"వద్దు సాయిబూ. ఈడ చెడ్డోనివైనవ్, ఆడ గూడ ఎందుకు?"

సారా మట్టిలో ఒంపేసింది.

"మరి తగువు సావలే," అన్నాడు హుంగా.

"బతకనీ."

మౌలాలి కింద కూలబడ్డాడు. పిల్లవాడి పేరైనా చెప్పమని బతిమాలాడు.

"చెప్ప," అన్నది పొజ్జే. "చెప్తే నీ నమాజుల పెట్టుకుంటవ్. వాని పేరు నాకాడుండనీ."

ఆమె మళ్లీ పూల దగ్గరకు వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టునైనా దేవుడి ముందు పెట్టుకునేవాడు. పొద్దుపోతే దారిలో పోలీసులు ఆపి విచారిస్తారు, వెళ్లమని హుంగా అతన్ని జబ్బ పట్టి లేపాడు. జీపు దాకా నడుస్తూ, వెనక నుంచి పిలుస్తారేమోనని మౌలాలి ఒకసారి ఆగాడు. పొజ్జే వంగి పూలు తిరగేస్తోంది. తడి పూలు కిందికి పోయి కుళ్లకుండా పైకి తీస్తోంది. ఇటు చూడలేదు.