ఎర్రమన్ను మీద సున్నపు గుండ్రం

1962. బెంగళూరు వైపు ఉన్న చింతామణి ఊరి బస్టాండు ఎదుట నాకో చిన్న బోర్డుల దుకాణం ఉండేది. సోడా అంగడి నుంచి టాకీసు దాకా ఊళ్లో సగం అక్షరాలు నా కుంచెవే. ఆ గీర నాకు బాగానే ఉండేది, దాచడమెందుకు!

ఒకరోజు రిటైరైన బడిపంతులు ఒకాయన వచ్చాడు. ఊరంతా ఆయన్ని మేష్ట్రు అనేవాళ్లు. పేదవాళ్లకు ఉచితంగా కంటి ఆపరేషన్లు చేయించే సంఘం ఆయనది. క్రితంసారి శిబిరానికి బెంగళూరు నుంచి డాక్టరు వస్తే, బస్సు దిగిన పల్లెజనం అది పెట్టిన సత్రం ఎక్కడో తెలియక తిరిగి తిరిగి ఇళ్లకు పోయారట. మంచాలన్నీ ఖాళీగా మిగిలాయి.

"ఈసారీ అట్లే అయితే ఆ డాక్టరు ఇంక రానన్నాడప్పా. సంఘానికి ఒక గుర్తు కావాల. చూస్తానే జనానికి తెలియాల" అన్నాడు.

ఇప్పుడు లోగో అంటున్నారే, అదే. మేం ఎంబ్లం అనేవాళ్లం. పది రోజులు ప్రాణం పెట్టి వేశాను. తామరపువ్వు, దాని మీద దీపం, దీపానికి అటూ ఇటూ రెండు చేతులు, వెనక ఉదయించే సూర్యుడు, చుట్టూ కన్నడంలో, తెలుగులో సంఘం పేరు. ఏడు రంగుల ఎనామిల్, అంటే ఎండకూ వానకూ చెదరని నూనె రంగు. అంచుకు బంగారు గీత. మేష్ట్రు చూసి "అబ్బ! ఏం పనితనమప్పా!" అని భుజం తట్టాడు.

బోర్డును ఆరడానికి దుకాణం ముందు ఆనించాను. కైవారం పక్క పల్లె నుంచి సంతకు చింతపండు తెచ్చే గంగవ్వ నీడకని అక్కడ నిలబడింది. ఆమెకు రెండు కళ్లకూ పొర కమ్మింది.

"అవ్వా, ఈడ ఏముండాదో చెప్పు చూద్దాం" అన్నాను, పొగడ్త కోసమే.

అవ్వ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. "ఎవురో చీర ఆరేసుండారు కదప్పా?"

సోడా అంగడి దగ్గరివాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చీరా! మరి మీ ఇల్లు యాడుండాదో నీకెట్ల తెలుస్తాది?"

"ఎర్రమన్ను పూసిన గోడకి, వాకిలి పక్కన, మా కోడలు సున్నంతో ఇంత గుండ్రం పెట్టిందప్పా. తెల్లగా అగుపడతాది. అదే మా ఇల్లు."

ఛీ, నేనేం చేశాను! కళ్లు కనపడనివాళ్ల కోసమే కదా ఈ బోర్డు! ఒక రంగు పక్కన ఇంకో రంగు ఎంత విడిగా తేలుతుందో, దాన్ని మా పనిలో కాంట్రాస్ట్ అంటారు. ఇరవయ్యేళ్లు కుంచె పట్టిన నాకు ఆ సంగతి పల్లెటూరి కోడలు నేర్పాల్సి వచ్చింది.

ఆ బోర్డు మీదే ఎర్రరంగు పూసేశాను. బంగారు గీతను చివరిదాకా మిగిల్చి, దాన్నీ ముంచేశాను. నడుమ పెద్ద తెల్లటి గుండ్రం, అందులో ఎర్రచుక్క. కన్ను. అంతే.

మేష్ట్రు మండిపడ్డాడు. "ఇదేమప్పా! దీన్ని మా కోడలు కూడా గీస్తాది!"

"గీయాల్నే మేష్ట్రూ! మీ కోడలు గీయాల, పేరేసంద్రలో ఇంకో కోడలు గీయాల. ఎర్రమన్నూ సున్నమూ లేని పల్లె యాడుండాది? నా తామరపువ్వయితే నేను తప్ప ఎవురేస్తారు?"

 ఆయన చెప్పులేసుకొని, ఆ గుర్తు సంగతి చెప్పడానికి అప్పటికప్పుడే పల్లెలకు బయల్దేరాడు.

నెల తిరిగేసరికి కైవారం నుంచి బాగేపల్లి దాకా రోడ్డు పక్క గోడల మీద ఆ కన్ను వెలిసింది. గోడలు పూసుకునే ఆడవాళ్లే వేశారు. కొన్ని గుండ్రాలు సొట్టగా ఉన్నా గుర్తు మాత్రం అదే. బస్టాండు నుంచి సత్రం దాకా మలుపు మలుపునా నేనే వేశాను. శిబిరం రోజు మంచాలు చాలక వసారాలో చాపలు పరిచారు. "ఇంతమందిని ఎట్లా రప్పించారండీ?" అని డాక్టరు అడిగితే మేష్ట్రు నన్ను ముందుకు తోశాడు. ఆ రోజు సంతోషం పట్టలేకపోయాను.

అప్పటి నుంచి ఏ బోర్డు వేసినా పల్చటి తువ్వాలు కళ్లకు అడ్డం పెట్టుకొని ఒకసారి చూసేవాణ్ణి. అందులోంచి కనపడకపోతే, ఎంత అందంగా ఉన్నా, మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

ఆ శిబిరంలోనే ఆపరేషన్ చేయించుకున్న గంగవ్వ, కంటి కట్టు విప్పిన రోజు సత్రం గేటు దగ్గర నా బోర్డు ముందు ఆగింది. పైకీ కిందికీ చూసి, అరచెయ్యి చాచి చూపించింది.

"ఏలప్పా ఇంత పెద్దగా రాసినావు? ఇంతుంటే చాలదా?"