కుట్టుకు వదిలిన చెక్క

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఇంటి ముందున్న రేకుల షెడ్డులోకి వెళ్లాలంటేనే నాకు మనసొప్పేది కాదు. ఖానాపురం హవేలిలో ఆ షెడ్డే మాకు బతుకుతెరువు. ఒక పక్క ఆయన వడ్రంగం, ఇంకో పక్క నా కుట్టుమిషను. ఇప్పుడు మిషను చప్పుడొక్కటే మిగిలింది. మాట ముద్దగా వస్తోందని ఆయన ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. పనిముట్లన్నీ అమ్మేస్తానని వైరాలో ఉన్న ఒక మేస్త్రీకి నాచేతే ఫోన్ చేయించాడు. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు ఆ మేస్త్రీ. అవి కూడా పోతే ఈ మనిషి ఇక మంచం దిగడని నా భయం.

ఆ వారంలోనే భద్రాచలం అడవి పక్క ఊరినుంచి ఒక అక్క వచ్చింది. తేనెటీగల పెట్టె కావాలట.

“మేకులు కొట్టిన పెట్టె వానకు మూలలు విచ్చింది. చీమలు దూరినయ్, ఈగలు లేచిపోయినయ్. మేకుల్లేకుండ చేసియ్యుండ్రి” అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను మాత్రం “చేస్తం అక్కా” అనేశాను. ఆమె అటు వెళ్లగానే నామీద విరుచుకుపడ్డాడు.

“ఎవరు కోస్తరు? నువ్వా?”

“అవ్, నేనే. ఏం, కత్తెర పట్టిన చెయ్యి రంపం పట్టదా?”

షెడ్డులో పాత తలుపుల టేకు చెక్క ఉంది. మేకులు లేని పెట్టెకు బలమంతా మూలల్లోనే. చెక్కల చివర్లకు దువ్వెన పళ్లలా పళ్లు కోసి, ఒకదాని పళ్లు ఇంకొకదాని సందుల్లో బిగుతుగా దించాలి. నేను అడ్డదిడ్డంగా గీస్తుంటే చూడలేక ఆయన పెన్సిల్ లాక్కుని ఎడమచేత్తో మెల్లగా గీశాడు. ఆ గీతల వెంట నేను కోశాను. భుజాలు పీక్కుపోయాయి.

తీరా రెండు చెక్కలూ జత చేయబోతే ఒక్క పన్నూ దిగలేదు. నాకు ఒళ్లు మండి కొయ్యసుత్తి ఎత్తాను.

“కొట్టకు, పగుల్తది” అంటూ ఆయన చెక్క దగ్గరకు లాక్కున్నాడు. పళ్ల మీద బొటనవేలితో తడిమాడు. గీతల్ని చూశాడు, నన్ను చూశాడు. నవ్వాడు. దవాఖానా నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. మూతి ఒక పక్కకే పోయింది, అయినా ఎంత బాగుందో.

“జాకెట్ ముక్కకు వదిలినట్టు కట్టెకు గూడ కుట్టుకు వదిలినవేందే?”

నిజమే. ప్రతి పన్నుకూ గీతకు కాస్త బయటగా, చెక్క ఎక్కువ వదిలి కోశాను. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పక్కకు జరిగింది.

“నవ్వు, బాగా నవ్వు. చెక్కంత ఖరాబు చేసిన గద!”

“ఖరాబేంది? తక్కువైతే పారేసుడే. ఎక్కువుంటే చెక్కుకోవచ్చు. ఉలి ఇటియ్యి.”

ఆయన ఎడమచేత్తో ఉలి నిలబెట్టి పట్టుకుంటే నేను సుత్తితో తట్టాను. మెల్లగా అనీ, చాలు అనీ, ఇటుపక్క అనీ ఆయన చెప్పక తప్పలేదు. అన్ని నెలలుగా దాచుకున్న మాటలన్నీ ఆ మధ్యాహ్నం వాడేశాడు. సగం అర్థం కాక మళ్లీ అడిగితే విసుక్కున్నాడు. ఆ విసుగు కూడా నాకు ముద్దుగానే ఉంది. బిగుసుకున్నచోట చెక్క రాపిడికి నిగనిగలాడేది, అక్కడ కాస్త చెక్కి మళ్లీ దించి చూసేవాళ్లం. చివరికి జిగురు పూసి అదిమితే నాలుగు మూలలూ కూర్చున్నాయి. ఆరాక పెట్టెను ఎండకెత్తి లోపలినుంచి చూశాను. మూలల్లో ఎక్కడా వెలుతురు సందు లేదు.

ఆయన మూలల్ని ఎడమచేత్తో తడిమాడు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపాడు. తనే వైరా మేస్త్రీకి కలిపాడు.

“రాకు. సామాన్లు అమ్మను.”

“ఎవరూ? ఏందీ?” అంటున్నాడు అవతల మేస్త్రీ. ఆయన మొహం ఎర్రబడింది. నేను మాట్లాడతానని చెయ్యి చాపాను, ఇవ్వలేదు. తన పేరు చెప్పుకున్నాడు. ఒక్కో మాటా కూడదీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

“అమ్మను. పనున్నది నాకు.”

అవతలి మనిషికి అర్థమయ్యేదాకా చెప్పాడు.