చాటెడు తవుడు, ఒక పేరు

రామన్నపేటకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ పల్లెలో పేర్లకు కరువు. వానలకూ కరువే అనుకోండి, కానీ వానలు మూడేళ్లకోసారైనా కొత్తగా పడేవి. పేర్లు మాత్రం తాతలు వాడి విడిచినవే మనవళ్లకు తొడిగేవారు. బావి గట్టు మీద నిలబడి "సైదులూ" అని కేకేస్తే ఏడుగురు మగవాళ్లు తలెత్తేవారు. సైదుల దర్గాకు మొక్కుకుని కన్న కొడుక్కి ఇంకో పేరు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఆ ఏడుగురిలో ఒకడు ఉప్పలమ్మ మొగుడు.

సైదులుకు తన పేరంటే మహా ఇష్టం. పటేల్ మనిషి వెట్టికి పిలవడానికి వచ్చి "సైదులు ఏడీ?" అంటే, "నేను గాదు, చెరువు కింది సైదులు" అని చేయి చూపించేవాడు. చెరువు కింది సైదులు గుట్ట కాడి సైదులును చూపించేవాడు. ఏడో సైదులు దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికెక్కేది. అప్పటికి తానెవరి కోసం బయల్దేరాడో పటేల్ మనిషికే గుర్తుండేది కాదు. "పేరంటె పది మందిల కలిసిపోవాలెనే. గట్లుంటెనే బతుకుతం" అని సైదులు పెళ్లానికి బోధించేవాడు.

ఆ ఇంట్లో మంచి పేరు ఒక్క బర్రెకే ఉండేది. దాని పేరు లచ్చుమమ్మ. దాన్ని కడిగి, మేపి, పాలు పితికేది ఉప్పలమ్మ అత్త. ఆమె పేరు మాత్రం పెంటమ్మ. తెల్లారగానే పెంటమ్మ కొట్టంలోకి వెళ్లి "లేవే నా తల్లీ, లచ్చుమమ్మా" అని బర్రె మెడ నిమిరేది. తర్వాత ఇంట్లోకి వచ్చి కోడల్ని లేపేది. ఆ లేపే మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

పెంటమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆమెకు ముందు పుట్టిన నలుగురూ చేతికి దక్కలేదు. అందుకని ఐదోదాన్ని చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. ముందే మాట్లాడిపెట్టుకున్న మనిషి ఒకామె వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు లేపి ఎత్తుకుంది, పేరు పెట్టింది. కన్నతల్లి వెళ్లి చాటెడు తవుడు పోసి, పరాయి బిడ్డను కొన్నట్టు కొనుక్కుంది. చావు వచ్చి చూస్తే పనికిరాని సరుకు, పేరు కూడా పెంటే, ముక్కు మూసుకుని వెనక్కి పోతుందని నమ్మకం. పెంటమ్మ బతికింది. అరవై ఏళ్లు బతికి, మొగుణ్ని సాగనంపి, కోడలి మీద పెత్తనం చేస్తోంది. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఉప్పలమ్మ దగ్గర వేరే రకం రుజువులు మూడున్నాయి. మొదటి కొడుక్కి దేవుడి పేరు కలిసేలా బాలనర్సయ్య అని పెట్టారు. రెండు నెలలు బతికాడు. మంచి పేరు పెట్టినందుకే కన్ను పడిందని పెంటమ్మ తేల్చేసింది. రెండోది ఆడపిల్ల. ఎంగిలి పుల్లి విస్తరాకుల మీద దొర్లించి పుల్లమ్మ అన్నారు. ఏడాది బతికింది. మూడోవాణ్ని పెంటకుప్ప మీద పెట్టి, తవుడు పోసి, పెంటయ్య అన్నారు. ఐదో నెలలో వాడికి జ్వరం పట్టింది. ఆఖరి పూట ఉప్పలమ్మ వాణ్ని ఒళ్లో వేసుకుని "పెంటా, ఓ పెంటా, కండ్లు తెరువు బిడ్డా" అని పిలిచింది. వాడు తెరవలేదు. బిడ్డ పోయిన దుఃఖం ఒక ఎత్తు. కడసారి కూడా వాణ్ని పెంటా అనే పిలిచానే అన్న దుఃఖం ఇంకో ఎత్తు. మొదటిది ఏడిస్తే కాస్త తగ్గేది. రెండోది ఏడ్చినా తగ్గలేదు.

అందుకే నాలుగోసారి నెల తప్పినప్పుడు ఆమె గట్టిగా అనుకుంది. బతికినా చచ్చినా ఈ బిడ్డకు నోరారా పిలుచుకునే పేరు ఒకటి ఉండాలి, ఊళ్లో ఎవరూ తొడిగి విడిచిన పేరు కాకూడదు. పేరు కూడా సిద్ధంగానే ఉంది. ఆ ఎండాకాలం ఊళ్లో భాగోతం ఆడారు. అందులో రాజు చచ్చాడు, రాణి చచ్చింది, మంత్రి విషం తాగాడు, సేనాపతిని ఏనుగు తొక్కింది. ఆట ముగిసేసరికి ప్రాణంతో మిగిలింది విసనకర్ర పట్టుకున్న చెలికత్తె ఒక్కతే. దాని పేరు మంజులత. ఆట మొత్తంలో అది పలికిన మాట "చిత్తం" ఒక్కటే. ఆ వేషం కట్టింది మీసాలు గొరిగించుకున్న మగాడే కావచ్చు, పేరుకేం దోషం? ఊరంతా రాణి కోసం ముక్కు చీదింది. ఉప్పలమ్మ మాత్రం బతికినదాని పేరు కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది.

ఇక అత్త సంగతి. పెంటమ్మను నోటితో గెలిచిన మనిషి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఆమె శాస్త్రంతోనే ఆమెను కొట్టాలి. పెంట మీది బిడ్డకు పేరు పెట్టే హక్కు లేపినవాళ్లదే అని ఆ శాస్త్రంలోనే ఉంది. ఈసారి లేపడానికి పెంటమ్మ మాట్లాడిపెట్టిన మనిషి కింది వాడ బిక్షమ్మ. ఆ ఇంటి గడప తొక్కడానికి బిక్షమ్మకు హక్కు లేదు. దాహమేస్తే దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. ఆ ఇంటి బిడ్డను చావు నోట్లోంచి లేపడానికి మాత్రం ఆమె చెయ్యే కావాలి. పై కులాల తెలివి అలాగే ఉంటుంది.

నాట్లలో ఇద్దరూ పక్కపక్కనే వంగేవారు. అక్కడే ఉప్పలమ్మ ఆ పేరు ఆమె చెవిన వేసింది. బిక్షమ్మ నడుం ఎత్తి నవ్వింది.

"మేం ముట్టుకుంటె సావు గూడ మైలవడి ఉరుకుతదని గద మీ అత్త నమ్మకం? ఇగ పేరు మంచిదైతేంది, చెడ్డదైతేంది? నా చెయ్యి సాలదా?"

"అత్త నిన్ను మస్తు తిడతది బిక్షమ్మా."

"తిట్టనీ అమ్మా. ఇన్నేండ్లు ఉత్త పుణ్యానికి తిట్లు తిన్న. ఒక్కసారన్న పని జేసి తింట."

ఆడపిల్ల పుట్టింది. పురుడు తీరిన పొద్దున పిల్లను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. సైదులు కోళ్లను అదిలిస్తూ నిలబడ్డాడు. బిక్షమ్మ చెప్పిన వేళకు వచ్చి "అయ్యో, ఎవ్వల బిడ్డనో పారేసిండ్రు" అని పాఠం అప్పగించి, పిల్లను లేపింది. పిల్ల ఆమె మీద ఒంటికి పోసింది. ఉప్పలమ్మ తవుడు తెచ్చి ఆమె కొంగులో పోసింది. చుట్టుపక్కలవాళ్లంతా చూస్తున్నారు.

"ఏం పేరే?" అని పెంటమ్మ అడిగింది. అడగడం ఆచారం కోసమే, జవాబు అందరికీ తెలిసిందే.

"మంజులత" అంది బిక్షమ్మ.



"ఏందీ?"

"మంజులత. లేపినోళ్లే పేరు వెట్టాలె. నీ శాస్త్రమే గద పెద్దమ్మా? వద్దంటె చెప్పు. నీ తవుడు నీకిచ్చి పిల్లను మా ఇంటికి తీస్కపోత."

పెంటమ్మ నోరు తెరిచింది, మూసింది. ఆ నోరు మాట లేకుండా మూసుకోవడం ఊరు చూసింది అదే మొదలు. పేరు ఒప్పుకోకపోతే లేపడం చెల్లదు. లేపడం చెల్లకపోతే బిడ్డను చావు నుంచి దాచినట్టే కాదు. తాను వేసిన ముడిలో తానే చిక్కుకుంది. కోడలి వైపు చూసింది. కోడలు నేల చూపులు చూస్తోంది. ఆ ఇంటికి కాపురానికొచ్చాక ఉప్పలమ్మ అంత వినయంగా ఎన్నడూ లేదు. పెంటమ్మకు అంతా అర్థమైపోయింది.

"గిదేం పేరే, నోరు తిరుగుతలేదు. దీనికి ఏమన్నైతె నీ పాపమే" అని లోపలికెళ్లింది. సైదులుకు ఇంకో బెంగ. "గిసుంటి పేరు ఊర్లె ఇంకెవ్వలకు లేదు. వెట్టికి పిలిస్తె సీదా దొరికిపోతది" అని గొణిగాడు.

ఆ రోజు నుంచి పెంటమ్మ మనవరాల్ని ఎత్తుకునేది, నలుగు పెట్టేది, ముద్దాడేది. పేరు మాత్రం పలకలేదు. "ఓ పిల్లా" అనేది, కోపమొస్తే "భాగోతపుదానా" అనేది.

ఎనిమిదో నెలలో పిల్లకు జ్వరం పట్టింది. మూడో రోజు మధ్యాహ్నానికి పాలు తాగడం మానేసింది, కళ్లు తేలేసింది. వాకిట్లో చేరిన ఆడవాళ్లందరిదీ ఒకటే మాట. పేరే చేటు తెచ్చింది. సైదులు పెళ్లాం ముందు కూర్చుని ఏడ్చాడు. "ఇగ మొండితనం విడువవే. ఒక్కపాలి పెంటీ అని పిలువు. నీ కాల్మొక్త."

ఉప్పలమ్మ ధైర్యం నీరుగారిపోయింది. నా పంతానికి బిడ్డను చంపుకుంటున్నానా? బతికితే చాలు, పెంటి అయితేనేం, పురుగు అయితేనేం? పిల్లను ఒళ్లోకి తీసుకుని నోరు తెరిచింది. పెదవులు కలిసే లోపల ఒక గరుకు చెయ్యి వచ్చి ఆమె నోరు మూసింది. పెంటమ్మ చెయ్యి.

"అనకు. పోయినపాలి గా పేరుతోని పిలిసినవు. వాడు లేసిండా?"

అంతే. మూలనున్న చీపురు తీసుకుని గడప మీదికెళ్లి నిలబడింది. ఎర్రటి ఎండలో, ఖాళీ వీధిని చూస్తూ గొంతెత్తింది.

"ఓరి నీ పాడె గట్ట! ఎవ్వల కోసం వచ్చినవ్‌రా? పెంటమ్మ కోసమా? పెంటమ్మను నేనే! అరవై ఏండ్ల సంది గీ పేరు మోస్తున్న. నన్ను ఇడిసిపెట్టి పసిపిల్లల మీద వడతవా, సిగ్గు లేదు? లోపలున్నది మంజులత. మంజులత! గా పేరు నీ చిట్టాల లేదు, సూస్కో. తీస్కపోతె నన్ను తీస్కపో. గడప దాటితె చీపురు తిరగేస్త!"

నోరు తిరగని ఆ పేరు ఆమె నోట రెండుసార్లు గంటలా పలికింది. ఉప్పలమ్మ పిల్లను గుండెకు అదుముకుని అత్త వీపును చూస్తూ ఉండిపోయింది. పొద్దు వాలేసరికి పిల్లకు చెమట పట్టింది. జ్వరం చీపురుకు జడిసి దిగిందో, బిక్షమ్మ తెచ్చిన ఆకు పసరుకు దిగిందో ఊళ్లో చాలా ఏళ్లు తేలలేదు. చావు పెంటమ్మను కూడా తీసుకుపోలేదు. ఆ నోటిని వెంటబెట్టుకుని అంత దూరం నడవాలంటే చావుకైనా గుండె ఉండాలి.

మంజులతకు ఐదేళ్లొచ్చాయి. ఒక పొద్దున పెంటమ్మ పేడ తట్ట ఎత్తి పోయబోయి కాలు జారి పెంటకుప్ప మీద కూలబడింది. పిల్ల పకపకా నవ్వుతూ పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ పట్టి లాగి లేపింది. ముసలమ్మ లేచింది. లేచి, బట్టలు దులుపుకోకుండా అక్కడే నిలబడింది.

"లేపినవు గద బిడ్డా. లేపినోళ్లే పేరు వెట్టాలె. పెట్టు."

అరుగు మీద జొన్నలు చెరుగుతున్న ఉప్పలమ్మ నవ్వబోయింది. అత్త మొహం చూసి ఆగిపోయింది. ముసలమ్మ వేళాకోళమాడటం లేదు. బెల్లం ముక్క కోసం చెయ్యి చాచిన చిన్నపిల్లలా మనవరాలి నోటికేసి చూస్తోంది. పెంటమ్మ అన్న పేరు ఈమెను కూడా ఇన్నాళ్లూ గుచ్చుతూనే ఉందా? పదేళ్లు ఒకే ఇంట్లో తిట్లు తింటూ బతికి, ఈ మాట ఒక్కనాడూ తట్టనందుకు ఉప్పలమ్మ సిగ్గుపడింది.

పిల్ల ఆలోచించింది. ఆ ఇంట్లో ఎవరి పేరు పిలిచేటప్పుడు గొంతులు మెత్తబడతాయో దానికి బాగా తెలుసు.

"లచ్చుమమ్మ" అంది.

"ఓసి పిచ్చిదానా, గది బర్రె పేరే" అంది ఉప్పలమ్మ.

"ఉండనీ" అంది ముసలమ్మ. "గా పేరు వెట్టి పిలిసినోళ్లు దాన్ని ఒక్కనాడన్న తిట్టిండ్రా? నాకు గదే కావాలె. తవుడు తే."

ఉప్పలమ్మ చాటెడు తవుడు తెచ్చి కూతురి గౌనులో పోసింది. పిల్ల దాన్ని తీసుకెళ్లి బర్రెకు పెట్టేసింది. ఊళ్లోవాళ్లకు ఆమె పెంటమ్మే. ఇంట్లో మాత్రం మనవరాలు "లచ్చుమమ్మా" అని కేకేస్తే కొట్టంలోంచి ఒకరు, అరుగు మీంచి ఒకరు పలికేవారు.

రజాకార్ల భయం పల్లెలకు పాకిన ఏడాది, ఎండాకాలంలో ముసలమ్మ పోయింది. అంబలి తాగి, ఉప్పెక్కువైందని కోడల్ని తిట్టి, పక్కకు ఒరిగింది. బొందలగడ్డకు పోయే దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని, పోయినవాళ్ల చెవి దగ్గర కొడుకు మూడుసార్లు పిలవాలి. సైదులు వంగి "అమ్మా" అన్నాడు.

"పేరు వెట్టి పిలువురా" అన్నాడు పెద్దమనిషి కాటమయ్య. "అమ్మ అంటె ఊర్లె ఎందరు లేరు?"

సైదులు మళ్లీ వంగాడు. "పెం..." అనే లోపల ఉప్పలమ్మ అతని భుజం పట్టుకుంది.

"గట్ల గాదు. లచ్చుమమ్మ అని పిలువు."

"గది మీ బర్రె పేరు గదనే?" అన్నాడు కాటమయ్య.

"మా అత్త పేరు. తవుడు వోసి కొన్నం" అంది ఉప్పలమ్మ.

సైదులు పిలిచాడు. లచ్చుమమ్మా. కాసేపు ఆగారు. లచ్చుమమ్మా. మంజులత తల్లి కుచ్చిళ్లు పట్టుకుని నాయనమ్మ మొహం వైపే చూసింది. లచ్చుమమ్మా. ముసలమ్మ లేవలేదు. పాడె మళ్లీ భుజాలకెత్తారు.

చేసింది మంచి పనేనని ఉప్పలమ్మకు తెలుసు. కానీ ఆ తర్వాత చాలా రోజులు, బర్రె పాలు పితుకుతూ కూర్చున్నప్పుడల్లా ఒక్క అనుమానం ఆమెను వదల్లేదు. పెంటమ్మా అని పిలిచి ఉంటే, తిట్టడానికైనా లేచేదేమో.