పాల క్యాన్లల్ల నీళ్ళు

నా పాత కారుకు వెనుక సీట్లు పీకేసి, గట్టి స్ప్రింగులు ఏపిచ్చి పాల బండి చేసుకున్న. గప్పటిసంది స్టీరింగ్ ఎడమకే గుంజుతున్నది. రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేపిచ్చినా గదే లొల్లి. పొద్దుగాల గౌలిపురల పాలు పోసుడు అయినంక హుస్సేనీ ఆలంల ఒక ముసలి మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి పోయిన.

ఆయన బండి కిందికి వంగి చూసి, "రోజూ ఖాళీగనే నడుపుతవా భాయ్?" అని అడిగిండు.

"లేదు ఉస్తాద్, నాలుగు క్యాన్లు నిండుగ ఉంటయ్."

"మరి ఖాళీ బండిని సీదా జేస్తే ఏం ఫాయిదా? వజన్‌తోని, క్యాన్లు నింపుకొని తీస్కరా."

పాలేమో అయిపోయినయ్. రేపటిదాంక ఆగబుద్ధి కాలే. ఇంటికొచ్చి వాకిట్ల నల్లా కింద క్యాన్లు పెట్టి నీళ్ళు నింపుతున్న. రోజూ మా దగ్గర పాలు పోయించుకునే సత్తెమ్మక్క గప్పుడే అటుకెళ్ళి వచ్చి నిలవడ్డది.

"ఏంది తమ్మీ, గిట్ల అందరి ముంగట ఖుల్లంఖుల్లానా?"

"వీల్ అలైన్‌మెంట్ కోసం అక్కా."

ఆమె క్యాన్ల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, తల ఊపుకుంట పోయింది.

ఆ నీళ్ళ క్యాన్లతోనే ఉస్తాద్ అలైన్‌మెంట్ జేసిండు, బండి ఇప్పుడు గీత గీసినట్టు పోతున్నది. నేనే సాయంత్రంసంది ఇంట్లకు బయటికి తిరుగుతున్న. రేపు ఆమె గిన్నె పట్టుకొని వస్తదా? మీరైతే నమ్ముతుంటిరా, నిజం జెప్పుర్రి.