మానని కాలు, మానిందని చెప్పిన నోరు

సహోదరులారా, సహోదరీలారా, మూడేళ్ళ క్రితం ఇదే మైకు ముందు నిలబడి నా కాలు బాగైపోయిందని సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు, ఆ మాట అబద్ధమండి! దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ మార్తమ్మ ఇవాళ మళ్ళీ నిలబడింది.

మన మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు కొత్తగా వచ్చిన రోజుల్లో షెడ్డులో రొయ్యల తలలు తీసే పనికి కుదిరాను. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో నిలబడే ఉండాలి, కూర్చుంటే మేస్త్రీ ఊరుకోడు. రెండో కాన్పు తర్వాత మోకాలి వెనక సాలెగూడులా సన్నటి నీలం గీతలు కనబడ్డాయి, నొప్పి లేదు కదా అని వదిలేశాను. పోనుపోను పిక్క మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి, చీలమండ దగ్గర చర్మం నల్లబడింది, ఒకటే దురద, గోకితే పుండు. కాలు తీసేస్తారేమో, నా పిల్లలకి అన్నం ఎవరు పెడతారని ఏడవని రోజు లేదు.

అప్పుడే మన సంఘంలో మూడు రోజుల ఉపవాస కూడికలు వచ్చాయి. పనికి వెళ్ళకుండా మూడు రోజులూ చాప మీదే ఉన్నాను, పాస్టరుగారు నూనె రాసి ప్రార్థించారు, వాపు తగ్గింది. నా సంతోషం చెప్పతరమా! గబగబా లేచి సాక్ష్యం చెప్పేశాను. మళ్ళీ ఐసు నీళ్ళలో నిలబడ్డ వారానికే వాపు తిరిగొచ్చింది, పుండు రసి కారింది. స్వస్థత పొందిన మార్తమ్మ డాక్టరు గుమ్మంలో కనబడితే జనం ఏమనుకుంటారు? అందుకని పాత చీర పీలిక బిగించి కట్టి, వాసన రాకుండా పౌడరు జల్లి, రెండేళ్ళు వెనక వరుసలో కూర్చున్నాను.

పోయిన వానాకాలంలో ప్రభువు బల్ల రోజు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి మోకరించి లేస్తుంటే నరం చిట్లి చాపంతా రక్తం! పాస్టరమ్మగారు నన్ను పడుకోబెట్టి, కాలు బెంచీ మీదకి ఎత్తి, తన కొంగుతోనే గట్టిగా అదిమి పట్టారు. "ప్రభువా, నీ పేరు మీద అబద్ధమాడాను, నన్ను చంపకయ్యా, నిజం చెప్పుకోనియ్యి" అని అరిచాను.

ఆ దేవుడే నన్ను భీమవరం డాక్టరుగారి దగ్గరికి చేర్చాడు. రక్తాన్ని పైకి పంపే నరాల్లో తలుపుల్లాంటివి ఉంటాయట, అవి చెడితే రక్తం కిందే నిలిచిపోతుందట. సన్న గీతలన్నిటికీ భయపడక్కర్లేదు గానీ వాపూ పుండూ దాచకూడదని ఆయన కోప్పడ్డారు. వేళ్ళ నుంచి మోకాలి దాకా సాగే గుడ్డతో కట్టు కట్టారు, పడుకుంటే కాళ్ళ కింద ఎత్తు పెట్టమన్నారు, ఆ తర్వాత ఆపరేషన్ చేశారు. పుండు మానడానికి నెలలు పట్టింది. మచ్చ పోలేదు, షెడ్డులో పని పోయింది. అయినా కాలు మిగిలింది, దేవునికే మహిమ!

ఒక్క బాధ మాత్రం నన్ను తినేస్తోంది. అప్పటి నా సాక్ష్యం నమ్మి, డాక్టరు కట్టిన కట్టు విప్పి పారేసిన అక్క ఒకరు మన మధ్యే ఉన్నారు. మొన్న బోరింగు దగ్గర ఆమె కాలు చూశాను, నా కాలి కంటే అన్యాయంగా ఉంది. పేరు చెప్పను. అక్కా, నా మాట నమ్మి మోసపోయావు, దేవుణ్ణి మాత్రం వదలకు. చీర అంచు కిందకి లాక్కోకు. రేపు పొద్దున భీమవరం మొదటి బస్సుకి నేను స్టాండులో ఉంటాను. నన్ను తిట్టుకుంటూనైనా సరే, రా అక్కా.