మామ్మ చేయించిన కెమెరా పూజ

ఆ రోజుల్లో మా రామచంద్రపురంలో డిజిటల్ కెమెరా ఉన్నవాడికి దక్కిన గౌరవం ఇప్పుడు కారున్నవాడికి కూడా లేదు. చిన్న మావయ్య సింగపూరు నుంచి తెచ్చిన కెమెరా నా చేతిలో పెట్టాక నా కాళ్ళు నేలమీద నిలవలేదు. రీలు అక్కర్లేదు, కడిగించక్కర్లేదు, అక్క తాంబూలాలకి ఇక స్టూడియో ఆయనెందుకని నాన్నగారిని ఒప్పించేశాను. (దాంతో వచ్చిన పుస్తకమంతా చదివేశానన్నాను. నిజానికి చూసింది బొమ్మలే.)

మా ఇంట్లో నీళ్ళ మోటారైనా మిక్సీ అయినా బొట్టు పెట్టించుకున్నాకే పనిలోకి దిగాలి. తాంబూలాల రోజు పొద్దున్నే మామ్మ కెమెరాని పీటమీద పెట్టించింది. ఆవిడకి దాని మహిమ చూపిద్దామని స్విచ్చి నొక్కాను. సర్రున లెన్సు బయటికొచ్చింది. "దీని మొహం ఇక్కడుందన్నమాట," అని మామ్మ మురిసిపోతుండగా వీధిలో పెళ్ళివారి వ్యాను ఆగింది. కెమెరాని మామ్మకి వదిలేసి నేను పరిగెత్తాను.

పూజయ్యాక తెచ్చుకుని తీసిన మొదటి ఫొటోలో కాబోయే బావగారు పొగమంచులో నిలబడ్డట్టున్నారు. బయట చూస్తే ఎండ మండిపోతోంది. ఫ్లాష్ వేశాను, పొగమంచు మెరిసింది. పువ్వు గుర్తు నొక్కాను (దండలున్నాయి కదా, అదే సరైనదనుకున్నాను). పరిగెత్తే మనిషి గుర్తూ అయింది. బ్యాటరీలు తీసి కాసేపు ఎండలో పెట్టి మళ్ళీ వేశాను. నా చెయ్యే వణుకుతోందేమోనని ఊపిరి బిగబట్టాను. ఈలోగా ఉంగరాలు మార్చుకోవడం అయిపోయింది. అక్క వచ్చి తెరమీద తన మొహం కోసం వెతుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టినా బాగుండేదనిపించింది.

బావగారు కెమెరా అందుకుని ఇటు తిప్పారు. "ఏంటండీ ఇది, గంధమా?" అన్నారు. లెన్సు నడిమధ్యన గంధం, దానిమీద కుంకుమ!

"నుదురనుకున్నాను నాయనా," అంది మామ్మ.

ఇల్లంతా ఘొల్లుమంది. అక్క కూడా నవ్వేసింది. బావగారు కండువా అంచు తడిపి లెన్సు తుడిచిచ్చారు. బాగుపడిందో లేదోనని ఎదురుగా ఉన్న మామ్మని తీశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతూ నవ్వుతున్న మామ్మ, ఒక్కొక్క ముడతా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. నేను గెంతులేశాను. ఉంగరాలు మళ్ళీ తొడుక్కోమంటే పంతులుగారు ముహూర్తం దాటిపోయిందన్నారు.

"ముహూర్తం మాకు కదండీ. ఇది కెమెరాకి," అన్నారు బావగారు. ఆ క్షణం నుంచి ఆయనంటే నాకు ప్రాణం.

మామ్మకున్న మంచి ఫొటో అదొక్కటే. ఇప్పుడది మా హాల్లో గోడమీద ఉంది, పండగలకి దానికి బొట్టు పెట్టే పని నాది. మొన్న పెడుతుంటే మసగ్గా కనిపించింది. అద్దం తుడిచాను, లైటు వేశాను, కిటికీ తెరిచాను. చివరికి మా ఆవిడ నా కళ్ళజోడు లాక్కుని చూసింది. దానికి అంటుకున్న గంధం తుడిచి నా ముక్కుమీద పెట్టింది. మామ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.