గేటు దగ్గర ఆగిపోయిన పెన్‌డ్రైవ్

ఉద్యోగం కొత్తలో మనకెంత తెలుసన్నది కాదు, ఎంత తెలిసినట్టు కనబడుతున్నామన్నదే పెద్ద సంగతి. నాకైతే మరీను. వికారాబాద్‌లో మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. మా సారు, నేను, ఒక ఇన్వర్టర్ (ముగ్గురిలో ఎక్కువ పని దానిదే). తాండూరులో ఒక బండల పాలిష్ యార్డుకు, ఏ సైజు బండ ఎక్కడ పేర్చి ఉందో చెప్పే ప్రోగ్రాం రాయడం నా మొదటి పని. "గిది ఎక్కిచ్చి సంతకం తీస్కొస్తే నిన్ను పర్మనెంట్ చేస్త. లేకుంటే నీ ఇష్టం" అన్నారు సారు. నా ఇష్టమంటే ఏమిటో నాకు తెలుసు. ఇంట్లో నాన్న బీఎడ్ దరఖాస్తు నింపి నా సంతకం కోసం కాచుకుని ఉన్నాడు. నాకేమో ప్రోగ్రాంలంటే పిచ్చి, నలభైమంది పిల్లల ముందు నిలబడాలంటే చలిజ్వరం!

తాండూరు యార్డుల్లో కాగితాలు చూడనిదే లారీ గేటు దాటదు. "నీ సామాన్‌కు గూడ కాగితాలు తెమ్మన్నడు యార్డు సేటు" అని సారు చెప్పగానే నాకు హుషారు పుట్టింది. ప్రోగ్రాంలో నేను వాడుకున్న, వేరేవాళ్లు రాసిపెట్టిన పరాయి ముక్కలన్నిటి (వాటినే లైబ్రరీలంటాం) లైసెన్సులూ అచ్చు వేసి, అరవై పేజీల ఫైలు తయారుచేశాను. అందులో ఒక్క వాక్యం చదివి ఉంటే ఒట్టు. (మీరు మాత్రం చదివారా? 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కడమేగా మనందరి చదువూ!) మందంగా ఉందని మురిసిపోయి, ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పొద్దుటి ప్యాసింజరెక్కాను.

గేటు గదిలో మున్షీ సాబ్ ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసి, ఇప్పుడు యార్డు కాగితాలు చూస్తున్న పెద్దాయన. కళ్లజోడు తుడుచుకుని, నా ఫైల్లో పేజీ పేజీకీ అంకె వేసి, చదవడం మొదలుపెట్టారు. నిజంగా చదవడం! బయట కోత మిషన్ల రొద, లోపల ఆయన పెదాల కదలిక. పదకొండో పేజీలో వేలు ఆగింది.

"బిడ్డా, డేటాబేస్‌తోని మాట్లాడే లైబ్రరీ అని ఒకటున్నది సూడు. దాన్ని మీ ప్రోగ్రాంల కలిపి ఇస్తే, మీరు రాసిన సోర్సు, అంటే ప్రోగ్రాం అసలు రాత, మొత్తం మాకియ్యాలెనంట. మేము ఎవలికి పంచినా మీరు అడ్డం రావొద్దంట. ఏది మరి సోర్సు?"

సారుకు ఫోన్ చేశాను. "ఇంక పది యార్డులకు అమ్మేదున్నది, సోర్సిస్తే ఖతం! గా పేజీ చింపెయ్యి!" "అంకెలేసిన్రు సార్." "అరవై పేజీలు ఎవలియ్యమన్నరు నిన్ను?" అని ఫోన్ పెట్టేశారు. మాటలన్నీ మున్షీ సాబ్‌కు వినబడనే వినబడ్డాయి.

"చింపితె పేజీ పోతది, షరతు పోతదా? పరేషాన్ గాకు. జర నిమ్మలంగ ఆలోచించు" అన్నారు.

ఆలోచిస్తే తట్టింది! అదే పని చేసే లైబ్రరీ ఇంకొకళ్లు రాసింది ఉంది, సోర్సు ఇవ్వకుండానే కలిపి ఇవ్వొచ్చని ఎక్కడో విన్నాను. అక్కడే, ఆయన బల్ల మీదే లాప్‌టాప్ తెరిచాను. పాతది పీకేశాను, కొత్తది పెట్టాను, నడిపాను. బండల పేర్లన్నీ ప్రశ్నార్థకాలు! "అరే, మా బండలేడవొయినయ్?" అన్నారు సాబ్. తెలుగు అక్షరాలు వస్తాయని కొత్త లైబ్రరీకి చెప్పడం మరిచాను. చెప్పాను, బండలు తిరిగొచ్చాయి! రోడ్డవతల జిరాక్సు షాపుకు పరుగెత్తి కొత్త లైసెన్సు అచ్చేయించి తెచ్చాను. అదీ చదివారు. "గిది సోర్సు అడుగుతలేదు, మంచిదే. గని ఈ లైబ్రరీని మేము కావాలంటే మార్చుకునేటట్టు ఉండాలెనంట. నువ్వు అంత ఒక్క మూటల కట్టలే గద?" కట్టేశాను! మళ్లీ విప్పి, దాన్ని విడి ఫైలుగా పెట్టి, మూడోసారి నడిపాను. మున్షీ సాబ్ సంతకం పెట్టారు. హమాలీలు చూస్తున్నారన్న సోయి కూడా లేకుండా ఎగిరి గంతేశాను.

వచ్చేముందు అడిగాను. "సాబ్, ఇవి ఎవ్వలు సదవరు. మీరెందుకు సదివిన్రు?"

"ముప్పై ఏండ్లు రాసిన బిడ్డా. నేను ఏలు పెట్టిన కాడ సంతకం పెట్టి పోయిన్రు గని, ఏం రాసినవ్ సాబ్ అని ఒక్కలడుగలే. గిది గూడ ఎవలో కూసోని రాసిన్రు గద."

తిరుగు రైల్లో లాప్‌టాప్ తెరిచి, ఆ లైసెన్సు మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో నా ఉద్యోగమే లైసెన్సులు చదవడం. నేను వస్తుంటే ప్రోగ్రాంలు రాసే పిల్లలు సీట్లోంచి లేచి టీకి పోతారు. చివరి పేజీ దాకా చదివాక, రాసిందెవరో తెలియకపోయినా, "చదివానండీ" అంటాను, పైకే. పక్క సీటువాళ్లు ఉలిక్కిపడతారు. పడనీండి. ఫైలు మందం చూసి మురిసిన ఆనాటి పిల్ల ఇది చూస్తే, "ఈవిడకేమైంది?" అని పడీ పడీ నవ్వేది, పాపం.